సముద్రానికి ఇవ్వని పళ్ళు

నా మనవరాలు నోట్లోంచి తీసి నా అరచేతిలో పెట్టినదాన్ని ముందు చేపముల్లు అనుకున్నాను. అనుకోగానే సిగ్గేసింది. చందువా ముక్క ఒలిచి, అన్నంలో కలిపి ముద్దలు పెడుతున్నాను అప్పుడు. ఊహ తెలిసినప్పటి నుంచి చేపల మధ్య బతికినదాన్ని, రెండున్నరేళ్ళ పిల్ల నోట్లోకి ముల్లు పోనిచ్చానంటే ఇంకెందుకు ఈ చేతులు? కొంగుతో తుడిచి వాకిట్లో వెలుగుకి పట్టి చూశాను. ముల్లు కాదు, పన్ను. కింది వరసలో ముందు పన్ను.

పాలపన్ను ఊడితే ఎలా ఉంటుందో పిల్లల్ని పెంచినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వేరు లోపలే కరిగిపోయి, పైన చిప్ప మాత్రం చేతికొస్తుంది. ఇది అలా లేదు. నారుమడిలోంచి పీకిన మొక్కలా వేరుతో సహా వచ్చింది. రక్తం చుక్క లేదు. పిల్ల ఏడవలేదు కూడా. నాలిక ఆ ఖాళీలో పెట్టి కాసేపు ఆడించుకుని, ముద్ద ఏదన్నట్టు మళ్ళీ నోరు తెరిచింది.

అలాంటి పన్ను నేను అంతకు ముందు చూశాను. ముప్పై ఏళ్ళ పైమాట.

పెరట్లోంచి నా కూతురు కేకేసింది. "తింటుందా అమ్మా, ఉమ్మేస్తుందా?"

"తింటుందే," అన్నాను. పన్ను రొండిన దోపుకున్నాను.

సాయంత్రం పిల్ల నవ్వినప్పుడు కూతురు ఆ ఖాళీ చూసింది. "ఇదేంటి? పన్నేదే దీనికి?"

"గడప తగిలి బోర్లా పడింది."

"నువ్వేం చేస్తున్నావు మరి? ఊడిన పన్నేది?"

"ఇంటి మీద వేసేశాను."

ఒక్క ఊపిరిలో రెండు అబద్ధాలు. నోరు తడబడలేదు. అలవాటైన దారిలో కాళ్ళు వాటంతటవే నడిచినట్టు వచ్చేశాయి. ఎందుకంటే ఆ దారిలో నేను ఒకసారి నడిచాను.

మాది ఉప్పాడ. ఇప్పుడున్నది కాలనీలో డాబా ఇల్లు. కూతురూ అల్లుడూ నాతోనే ఉంటారు. నేను కాపురానికొచ్చిన ఇల్లు ఇప్పుడు లేదు. ఎక్కడుండేదని ఎవరైనా అడిగితే నీళ్ళలోకి చెయ్యి చూపించాలి. తాటాకుల కప్పు, మట్టి గోడలు, గుమ్మంలో కూచుంటే అలలు కనిపించేవి. మా వైపు పిల్లల పాలపన్ను ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదకి విసిరేస్తాం. ఎలుక పన్నులాంటిది మొలవాలని పిల్లల చేత అడిగిస్తాం. ఆ తాటాకుల్లో ఎంతమంది పళ్ళు ఉన్నాయో లెక్కలేదు. మా ఆయనవి, ఆయన అన్నదమ్ములవి, వాళ్ళ నాన్నవి కూడా.

నా పెద్దోడు ఆ ఇంట్లోనే పుట్టాడు. వాడికి పై పళ్ళు ముందొచ్చాయి. పై పళ్ళు ముందొస్తే మేనమామకి గండం అంటారు. మా అత్త అన్నీ తెలిసిన మనిషి, నా తమ్ముడిని పిలిపించి కొబ్బరికాయ కొట్టించి, నూనెగిన్నెలో పిల్లాడి మొహం చూపించింది. తమ్ముడు గిన్నెలోకి చూసి, "ఈడు నాలాగే ఉన్నాడక్కా, పళ్ళు తప్ప," అని పకపకా నవ్వాడు. అక్కడితో తీరిపోయిందనుకున్నాం.

రెండేళ్ళు నిండాక వాడి కింది పన్ను ఊడింది. చేగోడీ కొరుకుతుంటే, వేరుతో సహా. అప్పటికి వాడు ఇంకా నడవడం లేదు. దొడ్డికాళ్ళు, విల్లులా వంగి ఉండేవి. మా తమ్ముడు పక్క పల్లె నుంచి వచ్చినప్పుడల్లా భుజం మీద ఎక్కించుకుని ఒడ్డంతా తిప్పేవాడు. "నడవకపోతే ఏమైందిరా అల్లుడూ, నీకు నావ కొనిస్తాను. నావ మీద ఎవడూ నడవడు," అనేవాడు.

పన్ను పట్టుకుని మా అత్త దగ్గరికెళ్ళాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, మొహం పక్కకి తిప్పుకుంది.

"వేళకాని పన్నే ఇది. ఇంటి మీద వెయ్యకు. కప్పు కూడా వేళకి ముందే ఊడుద్ది. సముద్రంలో వేసెయ్."

"ఎవరికైనా గండమా అత్తా?"

"అడక్కు. వేసెయ్."

చెప్పి ఉంటే బాగుండేది. ఆవిడ చెప్పకపోవడం వల్ల నేనే ఊహించుకున్నాను. పళ్ళు రావడంలో తేడా వస్తేనే మేనమామకి గండమైతే, పోవడంలో తేడా వస్తే ఇంకెంత?

ఒడ్డుకెళ్ళాను. ఎండ బాగా కాస్తోంది, నీళ్ళు మెరుస్తున్నాయి, దూరంగా నావలు చుక్కల్లా ఉన్నాయి. ఆ చుక్కల్లో ఒకటి మా తమ్ముడిది. చెయ్యెత్తాను. మళ్ళీ దించేశాను. నా తమ్ముడు సముద్రం మీద ఉండగా ఈ పన్ను దానికెలా ఇస్తాను? రుచి చూపించినట్టు అవదూ? కొంగున ముడేసుకుని ఇంటికొచ్చి, పాత బామ్ డబ్బాలో పెట్టి, బియ్యం కుండ వెనక దాచాను.

"వేశావా?" అంది అత్త.

"వేశానత్తా."

పదిహేను రోజులకి మా తమ్ముడు వేటకెళ్ళి రాలేదు. తుపాను లేదు. చెప్పుకోదగ్గ గాలి కూడా లేదు. నావ ఒడ్డుకొచ్చింది. వల సగం లాగి ఉంది. మనిషి లేడు.

పెద్ద కర్మయ్యాక మా అత్త నన్ను పొయ్యి దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అడిగింది. "పన్ను సముద్రంలో వేశావు కదే?"

"వేశానత్తా."

ఆ తర్వాత పెద్దోడి పళ్ళు ఒక్కొక్కటే రాలాయి. ఒక్కటీ సముద్రానికి ఇవ్వలేదు. ఇక ఇస్తే ఏం, ఇవ్వకపోతే ఏం? దొరికిన మూడూ డబ్బాలో మొదటిదాని పక్కన వేశాను. పళ్ళు లేని నోటికి పెదాలతో పలికే మాటలే మిగులుతాయి. అమ్మ, మామ. గుమ్మంలో కూచుని అలల వైపు చూస్తూ వాడు అంటుండేవాడు, "మామ, మామ" అని. మా అత్త చెవులు మూసుకునేది. నాలుగో ఏట వానల్లో వాడికి రొమ్ము పట్టేసింది. మూడు రోజులు. అంతే.

ఆ తర్వాత కూతురు పుట్టింది, దాని తర్వాత చిన్నోడు. అత్త పోయింది. కొన్నాళ్ళకి ఆ ఇంటికప్పు అందులో ఉన్న పళ్ళన్నిటితో సహా సముద్రంలోకి పోయింది. నేను బయటికి తెచ్చుకున్నవాటిలో ఆ బామ్ డబ్బా ఒకటి. ఇన్నేళ్ళలో సముద్రం దగ్గరికి ఎప్పుడెళ్ళినా, అలల చప్పుడు కింద నుంచి ఆ అడిగే గొంతు వినిపించేది. వేశావు కదే?

ఇప్పుడు మనవరాలి పన్ను ఊడిన రోజున నా చిన్నోడు, అంటే దాని మేనమామ, బోటు మీద ఉన్నాడు. ఎక్కి మూడో రోజు. ఫోను తగలదు. నేను నిజం చెప్పకపోవడానికి కారణం అదే. చెబితే గండం నిజమైపోతుందనుకున్నాను. చిన్నోడు వారానికి క్షేమంగానే దిగాడు. నల్లగా మాడిపోయి, మేనకోడలికి బొమ్మల బిస్కెట్ల పొట్లం పట్టుకొచ్చాడు. నా గుండె కుదుట పడలేదు. గండం వాయిదా పడిందనుకున్నాను.

రెండో పన్ను నెల తిరక్కుండా ఊడింది. మంచం కోడు తగిలిందన్నాను. మూడోది ఊడితే, ఎదురింటి పిల్లలతో ఆడుతూ పడిందన్నాను. మూడూ డబ్బాలో చేరాయి.

ఎదురింటావిడ నవ్వింది. "ఏంటి పిన్నీ, మనవరాలు నీతో పోటీకొచ్చింది? ఇద్దరివీ బోసినోళ్ళే!"

నేనూ నవ్వాను, చెయ్యి అడ్డం పెట్టుకుని. నాకు ముప్పై నిండకుండానే పళ్ళు పోయాయి. చుట్ట వల్ల అనుకునేదాన్ని.

అల్లుడు ఆటో తోలతాడు. మాట గట్టిగా వస్తుంది గానీ మనసు మెత్తన. కూతుర్నీ పిల్లనీ ఎక్కించుకుని కాకినాడలో పిల్లల పళ్ళు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ రోజు నేను వెళ్ళలేదు, చేపలు ఎండబెట్టాలన్నాను. వాళ్ళు మధ్యాహ్నం వచ్చారు. కూతురి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అల్లుడు ఆటో దిగలేదు, హ్యాండిల్ పట్టుకుని అలాగే కూచున్నాడు.

"ఏమైందే?"

"ఈయన్ని బయటికి పంపించి, ఇంట్లో ఎవరైనా పిల్ల మీద చెయ్యి చేసుకుంటారామ్మా అని అడిగిందమ్మా ఆవిడ. మెల్లగానే అడిగిందిలే. ఇంత చిన్న పిల్లకి మూడు పళ్ళు మూడుసార్లు దెబ్బ తగిలి ఊడడమేంటి అంది. ఇంకో రెండు ఊగుతున్నాయంట. రేపు పెద్దావిడని తీసుకురండి, ఊడిన పళ్ళుంటే అవీ తెండి అంది."

అల్లుడు ఆటోలోంచే అన్నాడు. "నేను కొడతానా అత్తయ్యా పిల్లని? మీరు చూశారు కదండీ అది పడ్డం. మీరే చెప్పండి రేపు ఆవిడతో."

అతను దిగి, నిచ్చెన వేసి డాబా ఎక్కాడు.

"ఎందుకయ్యా ఎక్కుతున్నావు?"

"పళ్ళు ఇంటి మీదే వేశారు కదండీ. అక్కడే ఉంటాయి, ఎక్కడికి పోతాయి?"

డాబా మీద నేను సావిడాయ చేపలు పరిచి ఉన్నాను. మిట్టమధ్యాహ్నం, అరికాళ్ళు అంటుకుపోయే ఎండ. ఒక్కొక్క చేపా ఎత్తి దాని కింద చూసి మళ్ళీ పెడుతున్నాడు. మోకాళ్ళ మీద కూచుని, మూల మూలా చేత్తో తుడుస్తున్నాడు. గుప్పిట్లో ఇసక తీసి ఊదుతున్నాడు. పిల్ల కిందనుంచి, "నాన్నా, ఏం వెతుకుతున్నావ్?" అని అడిగింది. "నీ పళ్ళేనమ్మా," అన్నాడు. ఆ అనడంలో కోపం లేదు. అది ఉంటే భరించేదాన్ని.

"దిగిరా అయ్యా," అన్నాను. "అక్కడ లేవు."

"కాకులు ఎత్తుకెళ్ళుంటాయంటారా?"

"నేను వెయ్యలేదు. అది పడనూ లేదు."

డబ్బా తెచ్చి వాళ్ళ ముందు మూత తీశాను. నా కూతురు లోపలికి చూసింది. మూడు తెల్లవి, నాలుగు పసుపుపచ్చవి. పెద్దన్న ఒకడు పుట్టి పోయాడని దానికి తెలుసు. వాడి పళ్ళు ఇంట్లో ఉన్నాయని తెలియదు. అంతా చెప్పాను, తమ్ముడితో సహా. అల్లుడు విని, ఆటో దగ్గరికెళ్ళి, కొంచెం సేపు వీపు మాకు చూపించి నిలబడ్డాడు. తర్వాత వచ్చి, "పొద్దున్నే తయారవండి అత్తయ్యా," అని మాత్రం అన్నాడు. నా కూతురు ఆ రోజు నాతో మాట్లాడలేదు. పిల్లకి అన్నం కూడా తనే పెట్టుకుంది.

డాక్టరమ్మ చిన్నపిల్లే, నా కూతురి ఈడు. తనూ నా కూతురూ ఎదురెదురు కుర్చీల్లో మోకాళ్ళు ఆనించి కూచున్నారు. ఆ నాలుగు తొడల మీద పిల్లని పడుకోబెట్టి, తల తన ఒళ్ళో పెట్టుకుని, చిన్న అద్దంతో పళ్ళు లెక్కపెట్టింది. ఒకటి, రెండు అని పిల్ల చేతా అనిపించింది. లాలకి పడుకోబెట్టినట్టే ఉంది.

నేను డబ్బా ఇచ్చాను. తెల్ల కాగితం పరిచి పళ్ళు పోసింది. ముందు తెల్లవి చూసింది. వేళ్ళతో తిప్పి, "వేరు మొత్తం ఉంది," అంది తనలో తను. తర్వాత పచ్చవి చూసి ఆగిపోయింది.

"ఇవెవరివమ్మా?"

"మా పెద్దోడివండి. ఈ పిల్ల మేనమామ."

"ఆయనకీ ఇలాగే ఊడాయా? ఇప్పుడెలా ఉన్నారు?"

ముప్పై ఏళ్ళలో వాడు ఎలా ఉన్నాడని నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడ. నా కూతురే చెప్పింది. "నాలుగేళ్ళకే పోయాడండి."

డాక్టరమ్మ చేతొడుగులు తీసేసి నా పక్కకొచ్చి కూచుంది. వాడి నడకా, కాళ్ళూ, జబ్బూ అన్నీ అడిగి తెలుసుకుంది. నన్ను నోరు తెరవమంది. నా పళ్ళు ఎన్నో ఏట పోయాయో రాసుకుంది. నా కూతురి అరికాలి ఎముక రెండుసార్లు ఊరికే చిట్లిందని విని, అదీ రాసుకుంది. తర్వాత లేచి బయటికెళ్ళి అల్లుడితో, "నిన్న మిమ్మల్ని బాధపెట్టాను, ఏమీ అనుకోకండి," అంది.

"అబ్బే, పర్లేదండి. మీరు అడగాలి కదండీ, పిల్ల కోసం," అన్నాడతను, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ.

రక్తపరీక్షలయ్యాయి, ఎక్స్‌రేలయ్యాయి, పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరు చూశాడు. నాకు అర్థమయ్యేలా డాక్టరమ్మే చెప్పింది. ఎముకకీ పంటికీ గట్టిదనం పట్టించేది ఒకటి రక్తంలో ఉంటుందట. ఈ పిల్లకి అది బాగా తక్కువట. "ఇటుక మంచిదేనమ్మా, మధ్యలో సిమెంటు పట్టలేదు. అందుకే నిలువునా జారిపోతోంది. ఇది దెబ్బ కాదు, ఎవరి దోషమూ కాదు. తల్లి వైపు నుంచి వచ్చి ఉంటుంది."

తల్లి వైపు అంటే నేను.

ఊగే పళ్ళని వేలితో కదిపి చూడొద్దంది. మెత్తటి బ్రష్షుతో పెద్దవాళ్ళే తోమాలంది. బలానికని షాపులో టానిక్కులు కొని పొయ్యొద్దు, ఈ పిల్లకి అవి చెరుపు చేయొచ్చు అంది. మేము అప్పటికే రెండు సీసాలు పట్టించాం. ఆరేళ్ళకి వచ్చే పళ్ళు చాలామందికి నిలుస్తాయి, చూపించుకుంటూ ఉండండి అంది.

వాళ్ళు ముందు నడుస్తుంటే నేను వెనక్కెళ్ళి అడిగాను. "మా పెద్దోడిదీ ఇదేనాండి?"

"ఖాయంగా ఇప్పుడు చెప్పలేనమ్మా. ఆ వేర్లు చూస్తే అలాగే అనిపిస్తోంది. కానీ మీరు ఇవి దాచకపోతే నేను ఇంకా చాలా రోజులు వేరేవైపు వెతికేదాన్ని. ఈలోగా ఎన్ని పళ్ళు పోయేవో."

"ఇంకోటండి. నవ్వకండి. వేళకాని పన్ను ఊడితే మేనమామకేమైనా అవుద్దాండి? మా చిన్నోడు బోటు మీదున్నాడండి."

ఆవిడ నవ్వలేదు. నా మొహంలోకి చూసి, "ఆయన బోటు దిగగానే ఆయనకీ రక్తపరీక్ష చేయించండి," అంది.

ఊగుతున్న రెండింటిలో ఒకటి పోయింది, ఒకటి నిలిచింది. నాలుగో ఏడు వస్తుండగా పిల్లకి ముందు నాలుగు పళ్ళూ చిన్న సెట్టు చేసి పెట్టారు. మొదటి రోజు ఉమ్మేసింది, రెండో రోజు దాచేసింది, మూడో రోజు అద్దం ముందు నుంచి కదల్లేదు. నాలిక ఆనించుకోవడానికి చోటు దొరికాక, నోటికి సరిగ్గా అందని మాటలన్నీ తేటగా పలకడం మొదలెట్టింది. తాత, దండ, దోస. ఇల్లంతా వాటితో మోగిపోయింది. నేను వంటింట్లోంచి వింటూ, అమ్మ, మామ అన్న రెండు మాటలతోనే వెళ్ళిపోయినవాడిని తలుచుకున్నాను. వాడికి మిగతా మాటలు తెలుసు. నాకిప్పుడు అనిపిస్తుంది, వాడికి అన్నీ తెలుసు, నోరే అందలేదు.

డాక్టరమ్మ పిల్ల పళ్ళు పరీక్షకని ఉంచుకుని, పాతవి నాలుగూ డబ్బాలో పెట్టి తిరిగిచ్చింది. ఒక రోజు పిల్ల ఆ డబ్బా తీసింది.

"అమ్మమ్మా, ఇవెవరివి?"

"మీ పెద్ద మావయ్యవి."

"మావయ్యకి ఇచ్చెయ్యవా? ఎలా తింటాడు మరి?"

దాన్ని చంకనెత్తుకుని ఒడ్డుకెళ్ళాను. డబ్బా చేతిలోనే ఉంది. అవతల మా ఇల్లుండిన చోట నీళ్ళు మామూలుగా లేచి పడుతున్నాయి. ఇప్పుడు ఆ ఇంటికప్పు మీద వెయ్యాలన్నా సముద్రంలోనే వెయ్యాలి. నా చిన్నోడు బోటెక్కి అప్పటికి నాలుగు రోజులు. దోషం లేదని డాక్టరమ్మ చెప్పింది, నేను నమ్మాను. అయినా మూత తియ్యలేకపోయాను.

అల వెనక్కి లాగినప్పుడు కింద నుంచి ఆ గొంతు అడిగింది, ఎప్పటిలాగే. వేశావు కదే?

"వెయ్యలేదత్తా," అన్నాను పైకే. "ఒక్కటీ వెయ్యలేదు. అన్నీ నా దగ్గరే ఉన్నాయి."

"ఎవరితో అమ్మమ్మా?" అంది పిల్ల. అది కూడా నీళ్ళ వైపు చూసి, కొత్త పళ్ళు బయటపెట్టి నవ్వి, ఎవరికో చెయ్యి ఊపింది.